నలభై మంది పిల్లలతో మూడు రోజులు అరకు: మీ ప్లాన్‌లో ఏం తీసేయాలి, ఏం ఉంచాలి

మీ ప్రశ్న, దాని కింద పెట్టిన ప్లాన్ రెండూ చదివాను మేడమ్. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు నలభై మంది, గుంటూరు నుంచి ప్రయాణం, అరకులో మూడు రోజులు. పిక్నిక్‌లా అయిపోకూడదు, కొండల గురించీ అక్కడి మనుషుల గురించీ పిల్లలు నిజంగా ఏదో ఒకటి తెలుసుకుని రావాలి అన్నారు. బాగుంది. కానీ ప్లాన్‌లో బొర్రా గుహలు, కటికి జలపాతం, గాలికొండ వ్యూపాయింట్, పద్మాపురం గార్డెన్స్, గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం, చాపరాయి, వంజంగి, లంబసింగి, పైగా ఒక రాత్రి క్యాంప్‌ఫైర్ దగ్గర థింసా డ్యాన్స్ అని రాశారు. ఇది ట్రావెల్స్ వాళ్ల బ్రోచర్.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. విజయనగరం వైపు మనిషిని కాబట్టి పిల్లల్ని తీసుకుని ఆ కొండెక్కడం ఇరవై సార్లకు పైనే జరిగింది. మొదటి మూడు ట్రిప్పులూ అచ్చం మీ ప్లాన్ లాంటివే. తిరిగొచ్చాక "ఏం గుర్తుంది?" అని అడిగితే, ఘాట్ రోడ్డులో ఎవరెవరు వాంతులు చేసుకున్నారో వరసగా చెప్పారు. ఆ తర్వాత బొంగులో చికెన్. అంతే.

అప్పట్నుంచి నేను పెట్టుకున్న లెక్క ఒకటే. రైలు, బొర్రా కలిపి ఒక రోజు, ఒక ఊరు ఒక రోజు, ఒక సంత ఒక రోజు. మిగతావి దారిలో తగిలితే చూడండి, లేకపోతే వదిలేయండి. ముఖ్యంగా వంజంగి, లంబసింగి తీసేయండి. అరకు నుంచి పాడేరు మీదుగా అటు వెళ్లి రావడమంటే ఒక రోజంతా ఘాట్ రోడ్ల మీదే పోతుంది. మబ్బుల ఫోటో కోసం పిల్లల్ని తెల్లవారుజామున మూడింటికి లేపితే ఆ రోజంతా వాళ్లు నిద్రమొహాలతోనే తిరుగుతారు.

ఎప్పుడు వెళ్లాలన్నారు కదా. నవంబరు మొదటి వారం నుంచి డిసెంబరు మొదటి వారం లోపు, అదీ వారం మధ్యలో. వలిసె పూలు పసుపు పచ్చగా పరుచుకుని ఉంటాయి, కాఫీ పళ్లు ఎర్రబడి కోతలు మొదలవుతాయి, కళ్లాల్లో పని నడుస్తుంటుంది. అంటే పిల్లలకి చూడటానికి పని కనబడుతుంది. డిసెంబరు చివరి వారం, సంక్రాంతి సెలవులు వద్దే వద్దు. ఆ రోజుల్లో బొర్రా దగ్గర మనుషుల తలలు తప్ప గుహ కనబడదు. వలిసె చేల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అవి నూనె గింజల పంట. సెల్ఫీల కోసం జనం లోపలికి దిగి తొక్కేస్తున్నారని కొందరు రైతులు చేను దగ్గర డబ్బులు తీసుకుంటున్నారు. అడిగితే విసుక్కోకండి, ఇచ్చేయండి. గట్టు మీదే నిలబడమని పిల్లలకి ముందే చెప్పండి.

విశాఖ నుంచి పైకి రైల్లో వెళ్లండి. బస్సు ఖాళీగా పైకొచ్చి కలుస్తుంది, దిగేటప్పుడు అందులో దిగొచ్చు. అద్దాల బోగీ టికెట్ల కోసం తంటాలు పడక్కర్లేదు, మామూలు బోగీలో కిటికీ దగ్గర గాలి తగులుతూ వెళ్లడమే మేలు. ఈ కొత్తవలస-కిరండూల్ లైను 1960ల్లో వేశారు. ప్రయాణికుల కోసం వేసింది కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలాదిలా గనుల ఇనుప ఖనిజం విశాఖ రేవుకి దింపి జపాన్‌కి పంపడానికి వేశారు. దారిలో ఎదురుగా ఖనిజం నింపుకుని దిగే గూడ్సు బండి తప్పకుండా తగులుతుంది. అప్పుడు "ఈ పట్టాలు ఎవరి కోసం వేశారో ఊహించండి" అని అడిగి ఊరుకోండి. జవాబు చెప్పొద్దు, సాయంత్రం దాకా ఆగండి.

సొరంగాలు లెక్కబెట్టమనండి, ప్రతి జట్టుకీ వేరే లెక్క వస్తుంది, దాని మీద గంట సేపు కొట్టుకుంటారు. మీకు కాస్త విశ్రాంతి. ఒక చిప్స్ ప్యాకెట్ విశాఖలో కొని విప్పకుండా కిటికీ దగ్గర పెట్టమనండి. పైకెళ్లే కొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గి ప్యాకెట్ ఉబ్బుతుంది. శిమిలిగుడ స్టేషన్ బోర్డు మీద ఎత్తు రాసి ఉంటుంది, 996 మీటర్ల పైచిలుకు. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్ ఇదే. సముద్రం పక్కన ఎక్కి, ఒక్క పూటలో దాదాపు కిలోమీటరు ఎత్తుకి వచ్చేశారు. ఎత్తు కిలోమీటరు పెరిగితే సుమారు ఆరున్నర డిగ్రీల చలి పెరుగుతుందని పుస్తకంలో ఉన్నది, బోగీలో స్వెటర్లు తీస్తున్నప్పుడు చెప్పండి.

అయితే అరకు దాకా పోకుండా బొర్రాలో దిగిపోండి, బస్సుని అక్కడికే రమ్మనండి. (శిమిలిగుడ బొర్రా దాటాక వస్తుంది. బోర్డు చూపించాలనుకుంటే తర్వాత బస్సులో ఆగి చూపించొచ్చు, లేదా అరకు దాకా రైల్లో పోయి బొర్రా చివరి రోజు దిగేటప్పుడు పెట్టుకోండి. నేను రెండూ చేశాను.) గుహలో గైడు టార్చి వేసి ఇది శివపార్వతులు, ఇది మొసలి, ఇది మనిషి మెదడు అని చూపిస్తాడు. ఆవు ఒకటి పైనున్న కంతలోంచి పడిపోతే వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లింగం కనబడిందనీ, అందుకే ఇక్కడి ఏరు గోస్తనీ అయిందనీ కథ చెప్తాడు. చెప్పనివ్వండి. సైన్సు టీచర్లు అక్కడే అడ్డుపడి "అదంతా కాదర్రా" అంటారు. అక్కర్లేదు. కథ అయిపోయాక, వాన నీళ్లు గాల్లోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని పులుపెక్కి సున్నపురాయిని ఎలా కరిగిస్తాయో, ఆ నీటి బొట్టు మళ్లీ చూరుకి ఆ సున్నాన్ని ఎలా అంటిస్తుందో మీరు చెప్పండి. పిల్లలు రెండూ గుర్తుపెట్టుకుంటారు. లైట్లు పెట్టిన చోట రాయి మీద పచ్చగా పాచి పట్టి ఉంటుంది, అది వెతకమనండి. ఎండ తగలని చోట ఆ పచ్చదనం ఎలా వచ్చిందన్నది వాళ్లకి మంచి ప్రశ్న. మన లైట్లే కారణం.

ఆ గోస్తనీయే కిందకి దిగి తాటిపూడి రిజర్వాయరు నింపుతుంది, అక్కణ్ణుంచి విశాఖకి తాగునీరు వెళ్తుంది, మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. వీలైతే తిరుగు ప్రయాణంలో భీమిలిలో పావుగంట ఆపి నదీముఖం చూపించండి. గుహలో చూసిన నీళ్లే ఇవి అంటే నమ్మలేనట్టు మొహం పెడతారు.

బొర్రా దగ్గరే చెప్పాల్సింది ఇంకోటుంది, అది ఏ గైడూ చెప్పడు. ఈ చుట్టుపక్కల అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద మొదలైన గొడవే సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1997లో సమత తీర్పు అయింది (సమత అన్నది ఆ కేసు వేసిన స్వచ్ఛంద సంస్థ పేరు). షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే రాజ్యాంగం గిరిజనులకి ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతంలో, ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకివ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. తొమ్మిదో తరగతి పిల్లలకి ఇది అర్థమవుతుంది. పొద్దున రైల్లో అడిగి వదిలేసిన ప్రశ్న ఈ సాయంత్రం బయటికి తీయండి. కొండలో ఉన్నది ఎవరిది?

ఈ కొండల రాయికే ఖోండలైట్ అని పేరు. ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు. కోణార్క్ గుడి కట్టింది ఆ రకం రాయితోనే. మనుషుల పేరు రాయికి పెట్టారు, ఆ మనుషులు ఏం మాట్లాడతారో మాత్రం మనకి తెలియదు. ఇక ఊరి సంగతి.

ముందు నా తప్పు చెప్తాను. రెండో ట్రిప్పులో రిసార్టు వాళ్లకి డబ్బు కట్టి రాత్రి థింసా పెట్టించాం. పది మంది ఆడవాళ్లు ఒకే రంగు చీరలు కట్టుకుని వచ్చారు. ఆట అయ్యాక మా ఎనిమిదో తరగతి కుర్రాడొకడు ఒకావిడ దగ్గరికెళ్లి "మీరు రోజూ ఇలాంటివే కట్టుకుంటారా అమ్మా?" అని అడిగాడు. ఆవిడ నవ్వి, "ఇవి ఇక్కడ పెట్టెలోనే ఉంటాయి బాబూ, ఆట అయ్యాక ఇచ్చేసి వెళ్లిపోతాం. నువ్వు స్కూలు డ్రెస్సు ఇంట్లో కూడా ఏసుకుంటావా?" అంది. ఆ తర్వాత నేనెప్పుడూ థింసా కొనలేదు. థింసా చైత్రంలో ఇటుకల అనే వేట పండక్కి, పెళ్లిళ్లకి వాళ్లలో వాళ్లు ఆడుకునే ఆట. ఒకరి వెనక నుంచి ఒకరు చేతులు పట్టుకుని గొలుసులా కట్టి పాములా మెలికలు తిరుగుతారు. డప్పు, తుడుము, కిరిడి, మోరి, జోడుకొమ్ములు వాయిస్తారు. అందులో ఆకులు కోసే తీరు ఒక ఆట, పులి మీద పడితే తప్పించుకోవడం ఒక ఆట. ఊళ్లో మీరున్న పూట ఎవరికైనా సరదా పుట్టి పిల్లలకి రెండు అడుగులు నేర్పితే అదృష్టం. లేకపోతే లేదు.

ఊరిని ఎలా ఎంచుకోవాలి? ట్రావెల్స్ వాళ్లని అడగొద్దు, వాళ్లు రోజూ జనాన్ని దించే ఊరికే తీసుకెళ్తారు. నెల రోజుల ముందు మీరు ఒక్కరే, లేదా ఇద్దరు టీచర్లు వెళ్లిరండి. అక్కడి బడి పంతుళ్లలో చాలామంది ఆ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. వాళ్ల ద్వారా ఊరి పెద్దల్ని కలిసి, ఫలానా రోజు ఇంతమంది వస్తాం, ఫలానావి చూడాలనుకుంటున్నాం, మీకు ఇబ్బంది లేకపోతేనే అని అడగండి. వాళ్లు కుదరదంటే అది కూడా జవాబే. నలభై మందిని ఒకే ఊళ్లోకి దించకండి. ఇరవై ఇళ్ల ఊరు అది. మూడు జట్లు చేసి మూడు ఊళ్లకి పంపండి, జట్టుకి ఇద్దరు పెద్దలు. మధ్యాహ్నం భోజనం ఊళ్లో డ్వాక్రా సంఘం ఆడవాళ్లకి అప్పజెప్పి, ధర ముందే మాట్లాడుకుని, డబ్బు వాళ్ల చేతికే ఇవ్వండి. చోడంబలి, సామన్నం, ఏదో ఒక కూర పెడతారు. (మీ గుంటూరు పిల్లలకి చోడి అంటే తెలియకపోవచ్చు, రాగులే.) కారం చాలలేదని మొహం పెట్టొద్దని బస్సులోనే చెప్పండి.

చాక్లెట్లు, పాత బట్టలు పట్టుకెళ్లొద్దు. మా ట్రిప్పులో ఒకసారి మా పిల్లలే బస్సు కిటికీలోంచి చాక్లెట్లు విసిరితే, ఆ ఊరి పిల్లలు ఘాట్ మలుపులో బస్సు వెనక పరుగెత్తారు. గుండె ఆగినంత పనైంది. ఇవ్వాలనిపిస్తే అక్కడి బడికి ఏం కావాలో ఆ పంతుల్ని అడిగి, అది మాత్రం పంపండి.

ఊళ్లో పిల్లలు ఏం చేయాలంటే, పని చేయాలి. ఒక గంట సామలు దంచి చెరిగితే చాలు, చిరుధాన్యాల మీద మీరు చెప్పబోయే పాఠం అక్కర్లేదు. కాఫీ తోటలో పండింది ఏదో, పచ్చిది ఏదో చూసి ఒక్కో పండూ కోయమనండి. నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్టు, దాని మీదికి పాకిన మిరియాల తీగ, కింద కాఫీ మొక్క, మూడూ ఒకే చోట ఉంటాయి. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది పెద్ద ఎస్టేట్ల పంట కాదు, ఎకరం రెండెకరాల గిరిజన కుటుంబాల పంట. ఈ సంగతి పిల్లలు ఆ తోట యజమాని నోటే వినాలి.

నేను ప్రతి జట్టుకీ ఇచ్చే పని ఒకటుంది. ఒక చెట్టో తీగో ఎంచుకుని, ఊళ్లో ఒక పెద్దావిడనో పెద్దాయననో పట్టుకుని దాని గురించి మొత్తం అడిగి రావాలి. అడ్డ తీగ తీసుకోండి. మనకి అడ్డాకు అంటే విస్తరి. వాళ్లని అడిగితే ఆకు విస్తళ్లకి, డొప్పలకి, సరుకు కట్టి సంతకి మోయడానికి. నారతో తాడు పేనుతారు. గింజలు కాల్చుకుని తింటారు. ఎప్పుడు కోయాలి, ఎంత వదిలేయాలి, కట్ట ఎంతకి పోతుంది, కోయడానికి ఎంత దూరం నడవాలి అని తవ్వుతూ పోతే ఒక్క తీగలోనే ఆ ఇంటి బతుకంతా వస్తుంది. జీలుగు చెట్టు (తాటి జాతిదే) పట్టుకున్న జట్టు కల్లు దగ్గర ఆగిపోయి కిసుక్కున నవ్వింది. ఆ చెట్టు మాను లోపలి గుజ్జు నుంచి పిండి తీసి కరువు రోజుల్లో తిన్నారని ఒక ముసలాయన చెప్పాక నవ్వు ఆగింది.

పోడు గురించి తప్పకుండా అడుగుతారు. పుస్తకం చదువుకున్న పిల్లలు "మీరు అడవి తగలబెడతారా?" అని మొహం మీదే అడిగేస్తారు. ముందు రోజు రాత్రే కూర్చోబెట్టి మాట్లాడండి. కొండవాలు మీద కొంత ముక్క కొట్టి, కాల్చి, రెండు మూడేళ్లు పండించి, అడవి మళ్లీ లేవడానికి వదిలేయడం ఆ పద్ధతి. జనం పెరిగి, తిరగడానికి చోటు తగ్గి, వదిలేసే ఏళ్లు తగ్గిపోయినప్పుడు నేల చెడుతుంది. బ్రిటిష్ వాళ్ల అడవి చట్టాలు ఆ పోడుని అడ్డుకోవడం, నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు పనిలో కూలి సరిగ్గా ఇవ్వకుండా చాకిరీ చేయించుకోవడం, వీటి మీదే 1922లో మన్యం తిరగబడింది. ఆ ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. చింతపల్లి తీసుకెళ్లక్కర్లేదు, ఈ కథ రాత్రి దుప్పట్లు కప్పుకుని చెప్పుకోవచ్చు. ఆయన పేరు మీదే 2022లో పాడేరు కేంద్రంగా జిల్లా వచ్చింది.

ఫోటోలు అడిగి తీయాలి. తీసినవి ప్రింట్లు వేయించి ఊరికి పంపాలి. మేం ఒకసారి పంపితే మరుసటేడు వెళ్లేసరికి ఆ ఫోటో ఒకరింటి గోడకి ఉంది. ఊరి దేవత ఉన్న చెట్ల గుబురులోకి మాత్రం పిలవకుండా వెళ్లొద్దు.

మూడో రోజు సంత. మీ ప్లాన్‌లో ఇది లేకపోవడమే నాకు ఆశ్చర్యం. మూడు రోజుల్లో ఒక్కటే ఉంచాలంటే నేను ఇదే ఉంచుతాను. ఒక్కో ఊళ్లో వారానికో రోజు పడుతుంది కాబట్టి తేదీలు సంత చూసుకుని వేసుకోవాలి. పొద్దున్నే వెళ్లండి. పసుపు, రాజ్మా, పిప్పళ్లు, అల్లం, కొండ చీపుర్లు, అడ్డాకులు కావిళ్లలో, నెత్తి మీద దిగుతుంటాయి. ఉప్పు, ఎండు చేపలు, బట్టలు కింద నుంచి లారీల్లో ఎక్కుతుంటాయి. ఎండు చేపల వాసనకి మీ పిల్లలు ముక్కు మూసుకుంటారు. సముద్రం సంతలోకి వచ్చిందని చెప్పండి.

ముందు చెవులకి పని పెట్టండి. ఈ సంతలో తెలుగు కాక ఇంకెన్ని భాషలు వినబడుతున్నాయో రాసుకోమనండి. ఖోండుల కువి, కొండదొరల భాష తెలుగుకి దగ్గర చుట్టాలు. గదబలనే గిరిజనుల గుతోబ్ ముండా భాషా కుటుంబానిది, తెలుగుకి ఏ సంబంధమూ లేదు. అందరినీ కలిపే ఆదివాసీ ఒడియా మళ్లీ వేరే కుటుంబం. యూరప్ అంతా తిరిగితే కనబడేంత భాషల తేడా ఒక్క చింత చెట్టు కింద ఉంది. నీళ్లు, వాన, అమ్మ, కొండ, రెండు, మూడు, ఇలాంటి పది మాటలు ఎవరి భాషలో వాళ్లని అడిగి తెచ్చుకుంటే, తెలుగుకి దగ్గరగా వినబడేవి ఏవో పిల్లలే పట్టేస్తారు. మా తెలుగు మాస్టారు ఆ కాగితాలు ఇప్పటికీ దాచుకున్నారు.

తర్వాత లెక్కలు. ఒక జట్టు పసుపు, ఒక జట్టు రాజ్మా, ఒక జట్టు కాఫీ. సంతలో ఎంతకి కొన్నారు, గిరిజన సహకార సంస్థ ఎంత ఇస్తుంది (1956 నుంచీ ఉన్న సంస్థ), విశాఖలో ఎంత, గుంటూరు సూపర్ మార్కెట్లో ప్యాకెట్టు ఎంత. ఇంటికెళ్లాక ఆ మధ్య తేడా ఎవరెవరికి వెళ్లిందో బొమ్మ గీయాలి. "నా అరకు యాత్ర" వ్యాసం మాత్రం రాయించకండి, దండం పెడతాను.

భద్రత గురించి మీకున్న టెన్షన్ సరైనదే, కానీ అడవి జంతువుల గురించి కాదు పడాల్సింది. నీళ్ల గురించి పడండి. కొండ మీద గెడ్డ (వాగు) చూడటానికి మోకాలి లోతు ఉంటుంది. పైన ఎక్కడో వాన పడితే మీ దగ్గర ఎండగా ఉండగానే నీళ్లు ఎర్రబడి లేస్తాయి. ఒకసారి మేం దాటిన రాయి పది నిమిషాల్లో కనబడకుండా పోయింది, అవతలి ఒడ్డున ఉండిపోయిన ముగ్గురు పిల్లల కోసం రెండు గంటలు నిలబడ్డాం. చాపరాయి లాంటి చోట బండ మీద పాచి సబ్బులా ఉంటుంది. నీళ్లలోకి ఎవర్నీ దించొద్దు, టీచర్లతో సహా. చీకటి పడ్డాక ఘాట్ ఎక్కడం, దిగడం ఏ డ్రైవరు ఎంత ధైర్యం చెప్పినా ఒప్పుకోవద్దు. దిగే రోజు టిఫిన్‌కి పూరీ కూర పెట్టకండి, రెండు ఇడ్లీలు చాలు. ఫోన్లకి సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, కాబట్టి ఏ జట్టు ఎన్నింటికి ఎక్కడుండాలో కాగితం మీద రాసి ఇవ్వండి.

తల్లిదండ్రులకి ఇచ్చే కాగితంలో ఒక ముక్క కలపండి. అది ఏజెన్సీ, అంటే కొండల్లోని గిరిజన ప్రాంతం, మలేరియా ఉన్న చోటు. పొడుగు చేతుల చొక్కాలు, దోమల మందు, దోమతెర ఎలాగూ తప్పవు. తిరిగొచ్చాక నెల రోజుల్లోపు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, జ్వరం వస్తే మామూలు జ్వరమనుకుని బిళ్ల వేసి ఊరుకోకుండా రక్త పరీక్ష చేయించాలి, ఏజెన్సీకి వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకి తామే ముందు చెప్పాలి. గుంటూరులో డాక్టరుకి అది తట్టకపోవచ్చు.

మీరు అనుకుంటున్న తేదీలు ఇక్కడ రాయండి మేడమ్. ఆ వారంలో ఏ సంత దగ్గరగా పడుతుందో కనుక్కుని, దాన్ని బట్టి రోజులు ముందూ వెనకా ఎలా మార్చుకోవాలో చెప్తాను.